అంగడి తెరిచే ముందు
(2020 జూన్ మండల సమాఖ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మార్చి 25న మూసిన అంగళ్లు మళ్లీ తెరుస్తున్నాం. తెరిస్తే జబ్బు భయం, తెరవకుంటే కంతు భయం. ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు మన కర్నూలులో చూసినోళ్లం, జబ్బును తేలిగ్గా తీసుకోలేం.

ముందు కంతు సంగతి. రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 వరకు వాయిదా ఇచ్చింది. అది మాఫీ కాదు. కట్టని నెలలకు వడ్డీ పడతానే ఉంటుంది. చేతిలో దుడ్లు ఉన్నోళ్లు కట్టేయడమే మేలు. లేనోళ్లు వాయిదా వాడుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంక యాపారం. కుట్టుమిషను ఇంట్లోనే ఉంటుంది, మాస్కులు కుట్టినోళ్లకు లాక్‌డౌన్‌లోనూ కూలి వచ్చింది. ఉగ్గాని బండి అట్లా కాదు. జనం చుట్టూ నిలబడితేనే బేరం, ప్రమాదమూ అక్కడే. పొట్లం కట్టిస్తే బజ్జీ మెత్తబడుతుంది, బేరం తగ్గుతుంది, నిజమే. అయినా కొన్నాళ్లు పొట్లాలే కట్టండి, సరుకు సగమే తెచ్చుకోండి. పొద్దున చేసిన ఉగ్గాని సాయంత్రానికి పనికిరాదు. అప్పు తెచ్చి వండింది మిగిలితే, బండి మూసినదానికన్నా ఎక్కువ నష్టం.

ఇంట్లో ముసలి అత్తో, షుగరున్న మనిషో ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి. "కంతు కోసం రేపే అంగడి తీయి" అని లీడర్లు ఎవరినీ ఒత్తిడి చేయొద్దు. అట్లాంటి సభ్యురాలి కంతు ఎన్ని నెలలు జరపాలో ఈ రోజే తీర్మానం పుస్తకంలో రాద్దాం.