మాట చేతికొస్తేనే సీటు చేతికొస్తుంది

(ఇంటరు చదువుతున్న దళితవాడల పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ, సంఘం కార్యకర్తలకూ జరిపిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం పైకి చిన్నదిగా కనపడుతుంది. డాక్టరు సీటు పరీక్షకీ, ఇంజనీరింగు సీటు పరీక్షకీ కావలసిన మాటలు ఎట్లా నేర్చుకోవాలి అన్నది. భూమి గురించో, కూలి గురించో, దాడుల గురించో మాట్లాడుకోవలసిన చోట ఈ డిక్షనరీ గోల ఏంటి అని కొందరు పెద్దోళ్లకి అనిపించొచ్చు. మాట కూడా భూమి లాంటిదే. దానికీ గట్లున్నాయి, దానికీ పట్టాదార్లున్నారు. ఎవరి చేతిలో ఎన్ని మాటలుంటే వాళ్లకంత చదువు, అంత ఉద్యోగం, అంత అధికారం దక్కుతున్నాయి.

చరిత్ర చూడండి. బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి హైస్కూల్లో సంస్కృతం చదువుకుంటానంటే అంటరాని పిల్లోడికి ఆ భాష చెప్పం అన్నారు. గత్యంతరం లేక పర్షియన్ తీసుకున్నాడు. అయినా ఆయన వదిలిపెట్టలేదు. మనల్ని కింద పెట్టిన ఆ గ్రంథాలనే ఏళ్ల తరబడి చదివి, 1946లో ‘శూద్రులెవరు’ అని పుస్తకం రాసి వాళ్ల ముందు పెట్టాడు. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా పద్యం పట్టుకుంటే నీకెందుకురా పద్యం అన్నారు. ఆయన రెండు భాషలూ నేర్చి 1941లో ‘గబ్బిలం’ వేశాడు. మాట మీద కాపలా ఉందనీ, ఆ కాపలా దాటొచ్చనీ వీళ్లిద్దరి బతుకులే మనకు సాక్ష్యం.

ఇప్పుడు పరీక్ష సంగతికి వద్దాం. 2025లో నీట్ పరీక్ష 22 లక్షల మందికి పైగా రాశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. అంటే ప్రశ్నకొక్క నిమిషం. 720 మార్కుల్లో సగం, 360 మార్కులు, జీవశాస్త్రానివే. ఒప్పు రాస్తే 4 మార్కులొస్తాయి, తప్పు రాస్తే ఒకటి పోతుంది. జీవశాస్త్రంలో లెక్కలు తక్కువ, పేర్లు ఎక్కువ. ప్రశ్నలో ఒక్క పేరు తెలీక ఆగిపోయినవాడికి నిమిషం అక్కడే అయిపోతుంది. విషయం తెలిసీ మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. మన పిల్లలకి తెలివి తక్కువ అని ఎవడైనా అంటే, తెలివి కాదయ్యా, మాట అందలేదు అని చెప్పండి.

ఎందుకు అందలేదు? 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. కాలేజీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి. మంచిపనే, కాదనను. అయితే అది ఎవరి తెలుగు? బాష్పోత్సేకం, ద్రవాభిసరణం, కిరణజన్య సంయోగక్రియ, ద్రవ్యవేగం. ఈ మాటలు ఏ మాలపల్లెలో, ఏ మాదిగగూడెంలో, ఏ కాపు వీధిలో పలుకుతారు? అమ్మ భాషలో చదువుతున్నామనుకుంటూ మన పిల్లలు సంస్కృతం బట్టీ కొట్టారు. పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు ఎదురైంది. ఒక విషయానికి రెండు పరాయి మాటలు మోశారు. కోచింగుకి లక్షలు కట్టినవాడు ఒక్క మాటే మోశాడు.

ఆ మాటలు చూసి బెదరొద్దు. ఆ మూటలు విప్పి చూస్తే లోపల ఉండేవి మనకు తెలిసిన సంగతులే.

కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంటి? ఆకు ఎండతో అన్నం వండుకోవడం. ఇంగ్లీషులో ఫోటోసింథసిస్. గ్రీకు భాషలో ఫోటో అంటే వెలుతురు, సింథసిస్ అంటే కలిపి తయారుచేయడం. యాసిడ్ అన్నా, ఆమ్లం అన్నా మూలంలో అర్థం ఒకటే, పులుపు. లాటిన్ వాడు పులుపు అన్నాడు, సంస్కృతం వాడు పులుపు అన్నాడు, మనమూ పులుపే అన్నాం. ఆల్కలీ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది, అది బూడిద పేరు. చవుడు మన్నుతో గుడ్డలుతికిన మన చాకలి అవ్వలకు ఆ గుణం తెలుసు. వడ్లు ఉప్పునీళ్లలో పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుక్కి పోతుంది. సాంద్రత అంటే అదే, డెన్సిటీ అంటే అదే. మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీరు ఊరి బయటికొస్తుంది. అదే ద్రవాభిసరణం, అదే ఆస్మాసిస్.

ఇంకొకటి చెప్తా, మాదిగ బిడ్డలు చెవులు రిక్కించి వినండి. మీ తాతలు తోలును సున్నపు నీళ్లలో నానేసి, బొచ్చు గీకి, లందలో తంగేడు చెక్కతో ఊరేసేవాళ్లు. సున్నం క్షారం. వెంట్రుకలో ఉండేది కెరటిన్ అనే ప్రొటీను, తోలులో ఉండేది కొలాజెన్ అనే ప్రొటీను. తంగేడు చెక్కలో ఉండేది టానిన్. ఆ టానిన్ కొలాజెన్‌ను గట్టిగా పట్టుకుంటుంది గనక తోలు కుళ్లదు. తంగేడు చెట్టుకి ఇంగ్లీషులో ఉన్న ఒక పేరే టానర్స్ కాసియా, అంటే తోలు శుద్ధి చేసేవాళ్ల చెట్టు. రసాయనశాస్త్రం చేసిన చేతులు మనవి. పేర్లు మాత్రం పుస్తకాల్లో చేరాయి, ఆ పుస్తకాలు మనకి దూరంగా పెట్టారు. కాబట్టి ఆ పేర్లు నేర్చుకోవడం ఎవరి దగ్గరో భిక్షం అడుక్కోవడం కాదు. మనది మనం తెచ్చుకోవడం.

ఇక ఎట్లా నేర్చుకోవాలో చెప్తా. మాటల్ని విడివిడిగా బట్టీ కొట్టకండి. వేర్లు పట్టుకోండి. ఒక వేరు పట్టుకుంటే పది మాటలు చేతికొస్తాయి. హైడ్రో అంటే నీరు, లైసిస్ అంటే విడగొట్టడం. హైడ్రాలిసిస్ అంటే నీటితో విడగొట్టడం, జలవిశ్లేషణ. ఐటిస్ అని చివర వస్తే వాపు. హెపటైటిస్ కాలేయం వాపు, నెఫ్రైటిస్ మూత్రపిండాల వాపు, ఆర్థరైటిస్ కీళ్ల వాపు. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఎమియా అని చివర వస్తే రక్తం సంగతి. హైపోగ్లైసీమియా అనే పొడుగాటి మాట ముక్కలు చేయండి. హైపో తక్కువ, గ్లైక్ చక్కెర, ఎమియా రక్తంలో. రక్తంలో చక్కెర తగ్గడం. అంతే.

రెండోది, కవల మాటలు. పరీక్ష పెట్టేవాళ్లు వీటితోనే వల వేస్తారు. యురేటర్ మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం, యురెత్రా మూత్రాశయం నుంచి బయటికి పోయే గొట్టం. అఫరెంట్ అంటే లోపలికి తెచ్చేది, ఎఫరెంట్ అంటే బయటికి తీసుకుపోయేది. ఎగ్జిట్‌లో ఉన్న ‘ఎ’నే ఎఫరెంట్‌లోనూ ఉందని గుర్తుపెట్టుకోండి. మైటోసిస్‌లో క్రోమోజోముల సంఖ్య మారదు, మియోసిస్‌లో సగమవుతుంది. గ్రీకులో మియోసిస్ అంటే తగ్గడం. తెలుగు పుస్తకంలో క్షయకరణ విభజన అన్నారు. క్షయ జబ్బొస్తే మనిషి తగ్గిపోతాడు గదా, ఆ క్షయమే ఇది. ఇట్లాంటి కవలల్ని ఎప్పుడూ జంటగా పక్కపక్కనే రాసుకోండి.

మూడోది, ప్రశ్నలో ఉండే మాటలు. ఇన్‌కరెక్ట్ అంటే సరికానిది, ఎక్సెప్ట్ అంటే అది తప్ప, రెస్పెక్టివ్‌లీ అంటే వరసగా, అసర్షన్ అంటే చెప్పిన మాట, రీజన్ అంటే దానికి కారణం. సరికానిది ఏది అని అడిగితే సరైనదానికి టిక్కు పెట్టి వస్తే 4 మార్కులు రావు, పైగా ఒకటి పోతుంది. ఒక్క మాట ఖరీదు 5 మార్కులు. అట్లాంటి మాట కింద ముందు గీత గీయండి, తర్వాత జవాబు వెతకండి.

నాలుగోది నోటుపుస్తకం. రెండు వందల పేజీలది ఒకటి కొనండి. పేజీకి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో పుస్తకం తెలుగు, మూడో గడిలో మన ఇంటి మాట, నాలుగో గడిలో మీరు సొంతంగా రాసిన వాక్యం. మూడో గడి ఖాళీగా ఉందంటే ఆ సంగతి మీకింకా అర్థం కాలేదన్నమాట. రోజుకి 10 మాటలు చాలు. ఆదివారం కొత్తవి వద్దు, పాతవే తిరగెయ్యండి. వారానికి 60, నలభై వారాలకి 2400. నీట్ ప్రశ్నలకి ఆధారమైన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోనులో డబ్బుల్లేకుండా దొరుకుతాయి. మాటలు అందులోంచే ఏరండి.

రాసినంత మాత్రాన నిలవదు. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనీ శాస్త్రవేత్త తన మీద తానే పరీక్ష చేసుకొని, నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే మరిచిపోతామని చూపించాడు. అందుకే మర్నాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకి ఒకసారి వెనక్కి రండి. చదవడం కాదు, గడి మూసి గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాని మాటకి చుక్క పెట్టండి. మర్నాడు చుక్కల మాటలతోనే మొదలుపెట్టండి.

నీట్ తెలుగులో రాసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. తెలుగు ఎంచుకుంటే ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే రాయాలి. ప్రశ్నపత్రంలో తెలుగు పక్కన ఇంగ్లీషూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే లెక్క. కాబట్టి తెలుగులో రాసేవాడికి కూడా ఇంగ్లీషు మాట తెలిసి తీరాలి.

తల్లులారా, మాకు అక్షరం రాదు, మేమేం చేస్తాం అనకండి. రాత్రి అన్నాలు తిన్నాక బిడ్డని ఎదురుగా కూర్చోబెట్టి, ఇయ్యాల నేర్చిన పది మాటలు నాకు అర్థమయ్యేటట్టు చెప్పు అనండి. మీకు అర్థమైతే బిడ్డకి వచ్చినట్టు. మీకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ కోచింగు సెంటర్లోనూ లేదు.

కార్యకర్తలు చేయవలసింది ఉంది. వాడలోని అంబేద్కర్ భవనంలో ఒక మంచి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉంచండి. గోడకి నల్లరంగు పూసి రోజూ పది మాటలు రాయండి. పలకడం తప్పు పోయిందని ఎవరైనా నవ్వితే ఆ నవ్విన మనిషిని ఆపండి. మన పిల్లలు నోరు మూసుకునేది తెలీక కాదు, నవ్వుతారని. ఆంధ్రలో 2020 నుంచీ, తెలంగాణలో 2022 నుంచీ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే బడి పుస్తకాలు మొదలుపెట్టారు. మంచిదే. ఇంటరు పిల్లలకీ ప్రతి శాస్త్రానికి మాటల పుస్తకం ఒకటి ఉచితంగా ఇవ్వాలని, అందులో మన వాడుక మాట కూడా ఉండాలని మనం అడగాలి. కాగితం మీద అడగాలి, కలెక్టరాఫీసు ముందు కూర్చొని అడగాలి.

చివరగా ఒక పేరు తలుచుకుంటా. తమిళనాడు అరియలూరు జిల్లా దళిత బిడ్డ అనిత. రాష్ట్ర బోర్డు పరీక్షలో 1200కి 1176 మార్కులు తెచ్చుకుంది. నీట్ పద్ధతి వల్ల డాక్టరు సీటు రాలేదు. సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది. పరీక్ష న్యాయంగా లేకపోతే పరీక్ష మీద పోరాడతాం, కోర్టుల్లో పోరాడతాం, వీధిలో పోరాడతాం. బిడ్డలారా, మీ ప్రాణం మాత్రం పోటీలో పెట్టకండి. మార్కులు తక్కువొస్తే ఇంటికి రండి, సంఘానికి రండి. మళ్లీ ఏడు మళ్లీ రాద్దాం. మీరు నేర్చిన మాటలు ఎక్కడికీ పోవు, వెనకొచ్చే చెల్లికి, తమ్ముడికి పనికొస్తాయి.

ఒక తరం గుడి ముందు నిలబడి తలుపు తియ్యమంది. ఒక తరం చెరువు దగ్గర నిలబడి నీళ్లు మావి కూడా అంది. మీ తరం పుస్తకం దగ్గర కూర్చొని ఈ మాటలు మావి కూడా అనాలి. రేపు పొద్దున్నే మొదటి పది మాటలు రాయండి.

జై భీమ్!