ఏడో తూటా
(గోపాలపట్నంలో చేసిన స్మారకోపన్యాసం)



 ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి పాండిత్యం గురించి ఆయన శిష్యులు చెప్పాలి. నాకు ఆయన సిటీ బస్సులో మాత్రమే తెలుసు. కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. నాకూ ఇవ్వలేదు. విషయంలోకి వస్తాను.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, 1966లో కృష్ణని నిలబెట్టిన ‘గూఢచారి 116’, తర్వాత మధుబాబు గారి షాడో. తెలుగు డిటెక్టివ్, గూఢచారి కథల్లో ఈ వరస మీకు తెలిసిందే.

నా తగువు విమర్శకులతో. వాళ్ల లెక్కలో షాడో అంటే పడిచచ్చే కుర్రకారు ఒక జట్టు, ‘ఇది జరిగే పనేనా’ అని పెదవి విరిచే వివేకులు మరో జట్టు. దీనికి శాస్త్రం కూడా చూపిస్తారు. రసానుభూతికి అడ్డొచ్చే ఏడు విఘ్నాల్లో అభినవగుప్తుడు మొదట చెప్పింది సంభావనా విరహం. జరగదనిపించేది మనసుకు పట్టదు. షాడో అక్కడే ఫెయిలట!

అయ్యా, విఘ్నం చదివి విరుగుడు వదిలేస్తే ఎలా? మామూలు మనుషులు చేయలేని పనులు చూపించాలంటే రాముడి లాంటి ప్రఖ్యాతుణ్ణి పెట్టుకోమన్నాడు ఆయనే. పేరు చెప్పగానే నమ్మకం కుదురుతుంది. షాడోకి పురాణం లేదు, ఆ ప్రఖ్యాతిని నవల వెంట నవలగా తానే సంపాదించుకున్నాడు. షాడో బాస్ కులకర్ణి గారు కబురు పెట్టారంటే చాలు, తక్కినది పాఠకుడు ఒప్పేసుకుంటాడు.

ప్రఖ్యాతి ఇతిహాస నాయకులకే చెల్లుతుందంటారా? సరే, విశాఖదత్తుడి నాటకం ముద్రారాక్షసం తీయండి. యమపటం పట్టుకుని పాడుకుంటూ చందనదాసు ఇంట్లో దూరిన చాణక్యుడి గూఢచారి నిపుణకుడికి ఏం ప్రఖ్యాతి ఉంది? బయటికి రాబోయిన పసివాణ్ణి ఆపుతున్న ఆడమనిషి వేలి నుంచి ఉంగరం జారి, గడప మీద పడి, దొర్లి సరిగ్గా వాడి కాళ్ల దగ్గరే ఆగింది. శత్రుపక్షపు రాక్షసమంత్రి ముద్ర! ఇంత అదృష్టాన్ని మనం ఎందుకు ఒప్పుకున్నాం? అది మగవాడి వేలి కొలతకి చేసిన ఉంగరం, ఆమెకి వదులని విశాఖదత్తుడు ఒక్క మాట వేశాడు గనక. చిన్న కొలత సరిపోతే పెద్ద వింత చెల్లుతుంది.

(2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్ నోస్’ కేసులో, ఫేస్‌బుక్ పరిచయాలతో రహస్యాలు జారాయన్న ఆరోపణపై నేవీ సిబ్బందిని అరెస్టు చేసినప్పుడు, ‘అసలు గూఢచర్యంలో తుపాకీ ఏదీ’ అని ఒక మిత్రుడు నన్ను ఎద్దేవా చేశాడు. నిపుణకుడి దగ్గర మాత్రం ఉందా?)

కొలత తప్పితే పాఠకుడు ఊరుకోడు. ఇక్కడి అద్దె పుస్తకాల షాపు ముద్ర ఉన్న నవల ఒకటి నా దగ్గరుంది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. హీరోది ఆరు గుళ్ల రివాల్వరు. అది పేలినప్పుడల్లా ఎవరో మార్జిన్లో పెన్సిలుతో అంకె వేశారు. ఏడు చుట్టూ సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టారు. ఎనిమిది, తొమ్మిది కూడా వదల్లేదు. నేవల్ ఆర్మమెంట్ డిపో పేరే కూడలికి పేరైన చోటు మనకి పక్కనే కదా, తూటాలు లెక్కపెట్టేవాడికి కొదవేముంది! అదే పెన్సిలు, అదే చేతిరాత చివరి పేజీలో అడిగింది: రెండో భాగం ఎప్పుడని. ఈయన్ని ఏ జట్టులో వేస్తారు?

నా ప్రస్తుత పని ఈ పెన్సిలు రాతల్ని పోగుచేయడమే. అద్దె షాపులు మూతపడ్డాయి, పుస్తకాలు తూకానికి పోతున్నాయి. మీ అటకల మీద ఉన్నవి తెండి. దులిపి ఇస్తే చాలు, రబ్బరు పెట్టి చెరపకండి. పేజీ చిరిగితే అతికించకండి, ఎక్కడ చిరిగిందో నాకు కావాలి. పుస్తకం భద్రంగా వెనక్కి ఇస్తాను. అద్దె మాత్రం అడక్కండి.