దుబాయిలో గాలి బురుజులు



దుబాయి అనగానే మీకు బుర్జ్ ఖలీఫా గుర్తుకు వస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి అక్కడికి పనికి వెళ్ళినవారు మీ బంధువుల్లోనూ ఉండవచ్చు. అదే నగరంలో, క్రీక్ ఒడ్డున, అల్ ఫహీది అనే పాతపేట ఉంది. దాని పూర్వపు పేరు బస్తకియా. ఇరాన్‌లోని బస్తక్ నుండి వచ్చిన వర్తకులు 1890ల నుండి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు.

ఆ ఇళ్ళపైన చతురస్రపు బురుజులుంటాయి. అరబ్బీలో బర్జీల్ అంటారు. నాలుగు పక్కలా తెరిచి ఉంటాయి. లోపల ఐమూలగా రెండు అడ్డుగోడలు. గాలి ఏ దిక్కు నుండి వీచినా, దానికి ఎదురుగా ఉన్న అర దాన్ని పట్టి కింది గదిలోకి దింపుతుంది. వెనుకవైపు పీడనం తగ్గుతుంది కనుక గదిలోని వేడిగాలి అటుగా పైకి పోతుంది.

మరి కూలర్‌లో లాగా గాలిని నీటితో చల్లబరచవచ్చు కదా? మేముండే రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో మే నెల గాలి పొడిగా ఉంటుంది, కూలర్ గడ్డిలోని నీరు ఇట్టే ఆవిరవుతుంది. దుబాయిది సముద్రతీరం, విశాఖలాగా ఉక్కపోత. తేమ నిండిన గాలిలో నీరు సులభంగా ఆవిరి కాదు. కనుక వారు గాలిని చల్లబరచే ప్రయత్నం మాని, కదిలించారు. కదిలే గాలికి ఒంటి చెమట ఆరుతుంది. ఎంత చక్కని ఎంపికో చూడండి! గోడలకు వాడిన పగడపు రాతి రంధ్రాల్లోని గాలి కూడా వేడిని అడ్డుకుంటుంది.

ఏసీలు వచ్చాక ఇదంతా పాతబడిందన్నారు. 1980లలో కొత్త కార్యాలయాల కోసం పేటలో చాలా భాగం కూల్చారు. అక్కడే నివసించిన బ్రిటిష్ వాస్తుశిల్పి రేనర్ ఆటర్ మిగిలినదాని కోసం పట్టుబట్టారు. 1989లో బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చి చూసి, కాపాడమని కోరారు. కూల్చివేత ఆగింది.

మీరూ చేసి చూడండి. అట్టపెట్టెపై చతురస్రపు అట్టగొట్టం నిలపండి. పైభాగం మూసి, నాలుగు పక్కలా కిటికీలు కోసి, లోపల ఐమూలగా అట్టలు అమర్చండి. పెట్టెలో అగరువత్తి పొగ నింపి, ఒక పక్క నుండి ఫ్యాన్ మెల్లగా తిప్పండి. పొగ ఏ కిటికీ గుండా బయటికి వస్తున్నదో గమనించండి.