నన్నెవరూ అడగలేదు



2019లో నాకు ఎనిమిదో నెల. పొట్ట నెలలకు మించి పెరిగింది. స్కానింగ్‌లో బిడ్డ మెదడులో గడ్డ కనిపించింది. టెరటోమా అన్నారు డాక్టరుగారు. ఆ మాటైనా నాతో కాదు, మా ఆయనతో. నన్ను బయట కూర్చోబెట్టారు.

పుట్టకముందే మెదడులో వచ్చే గడ్డలు చాలా అరుదు. వాటిలో ఎక్కువగా కనిపించేది టెరటోమాయే. చివరి నెలల్లో వేగంగా పెరుగుతుంది. అందుకే అయిదో నెల స్కానింగ్ బాగున్నా తర్వాత బయటపడవచ్చు. చాలామంది బిడ్డలు బతకరు. ఇది గ్రహణంవల్ల వచ్చేది కాదు. అయినా మా అత్తగారు ఏడాదిపాటు గ్రహణం మాటే ఎత్తారు.

అప్పట్లో చట్టం పెట్టిన గడువు 20 వారాలు. దాటితే కోర్టుకెళ్లాలి. మగవాళ్లే మాట్లాడుకుని వద్దన్నారు. సిజేరియన్ చేశారు. పాప రెండు రోజులు బతికింది. నేనేం కోరుకునేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. అడిగితే గదా తెలిసేది!

2021లో చట్టం మారింది. పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే వారాల గడువు లేదు. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కర్లేదు. ఈ సంగతి మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

కడుపు ఉంచుకోవడమూ ఆమె నిర్ణయమే, తీయించుకోవడమూ ఆమె నిర్ణయమే. మీకు తెలిసిన గర్భిణికి ఇలాంటి రిపోర్టు వస్తే తోడు వెళ్లండి. రిపోర్టు ఆమెకే వివరించమని డాక్టరుకు గట్టిగా చెప్పండి. అన్నిటికంటే ముందు, ఆమెను అడగండి.