బాలింత మనసు – ఇంటి పెద్దల బాధ్యత

(కర్దనూర్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా మాట్లాడుకునేది డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి. ఈ రోజు అధ్యక్షుల వారి అనుమతితో వేరే విషయం ఎత్తుకుంటున్నాను. గర్భిణులకు, బాలింతలకు వచ్చే మనోవ్యాధి గురించి నాలుగు మాటలు చెబుతాను. డెబ్బయి దాటిన మగవాడికి ఈ ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇది మా ఇంట్లో జరిగింది. మా కోడలు చెప్పమన్న తరువాతనే ఇక్కడ నిలబడ్డాను.

2012లో మా చిన్న కోడలికి తొలి కాన్పు అయింది. ఆ అమ్మాయికి తల్లి లేదు. అందువల్ల పుట్టింటికి పంపకుండా పురుడు మా ఇంట్లోనే పోశాము. మా అబ్బాయి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా ఉంది, ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నాము. మూడు వారాలు గడిచేసరికి కోడలు మాట తగ్గించింది. పాప నిద్రపోయినా తాను నిద్రపోయేది కాదు. అన్నం ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకునేది.

నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. ఒకరోజు విసుక్కుని, "మీ అత్తమ్మ ముగ్గురిని కని, నెల తిరగకముందే ఇంటి చాకిరీ అంతా చేసింది. నీకేం తక్కువైంది?" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత పాపను తెచ్చి నా ఒడిలో పెట్టి, "మామయ్యా, నేను లేకపోతేనే ఈ బిడ్డ బాగుంటది" అన్నది. నా చేతులు వణికాయి.

ఆ రోజు నుంచి ఆమెను ఒంటరిగా వదలలేదు. మరునాడే డాక్టరు దగ్గరకు తీసుకుపోయాము. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఇది కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్ అని చెప్పారు. పాలిచ్చే తల్లికి సరిపడే మందులు ఇచ్చారు. రాత్రిపూట కనీసం నాలుగైదు గంటలు ఆమెను నిద్రపోనివ్వమన్నారు. కోలుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు ఆ పాప హైస్కూల్లో చదువుతున్నది.

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి మా ఇంటావిడ నాతో ఒక మాట అన్నది. "పెద్దోడు పుట్టినప్పుడు నాకు గూడ గిట్లనే ఉండె. బాయి దిక్కు పోవాలంటే భయమైతుండె. చెప్తే ఎవరింటరని చెప్పలే." మా పెద్దబ్బాయి పుట్టింది 1978లో. ఆ రోజుల్లో జమాబందీ పని మీద నేను రాత్రి పదింటికి గాని ఇల్లు చేరేవాణ్ణి కాను. ఆఫీసులో ఏ రిజిస్టరులో ఏముందో చెప్పగలిగినవాణ్ణి, నా ఇంట్లో సంగతి ముప్పై నాలుగేళ్లు తెలియకుండా ఉన్నాను.

ఇక తెలుసుకోవలసిన విషయాలు. కాన్పు అయిన మూడు, నాలుగు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు, చిరాకు వస్తాయి. రెండు వారాల్లో అవే తగ్గిపోతాయి. తగ్గకుండా దిగులు, నిద్ర పట్టకపోవడం, బిడ్డను సరిగా చూసుకోలేకపోతున్నానన్న బాధ నిలిచిపోతే అది వ్యాధి. కడుపుతో ఉన్నప్పుడు కూడా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనవంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తున్నది. అంటే బాలింతల్లో ఐదుగురిలో ఒకరికి.

వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైన జబ్బు వస్తుంది. పొంతన లేని మాటలు, లేని శబ్దాలు వినిపించడం, అయినవారినే అనుమానించడం దాని లక్షణాలు. మనవాళ్లు గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ రోజులు గడుపుతారు. అది ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవలసిన జబ్బు.

దీన్ని గుర్తించడానికి 1987లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో పేరుతో పది ప్రశ్నల పట్టిక ఒకటి వచ్చింది. గడచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, నిద్ర పట్టిందా వంటి ప్రశ్నలే అందులో ఉంటాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లిని, బిడ్డను కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు 2009లో మొదలైంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. దయచేసి రాసుకోండి.

మన పూర్వపు పురిటి పద్ధతుల్లో బాలింతకు విశ్రాంతి, పక్కన మనిషి తోడు ఉండేవి. ఆ రెండూ ఇప్పుడు కరువైనాయి. మన చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు దూరప్రాంతాల నుంచి వచ్చిన జంటలు ఒక్క గదిలో అద్దెకుంటున్నారు. భర్త నైట్ డ్యూటీకి పోతే పసిబిడ్డతో ఆ పిల్ల తెల్లవార్లూ ఒంటరిది. మీ ఇంట్లో అద్దెకున్న వాళ్లలో అలాంటి తల్లి ఉంటే మీ ఇంటావిడను ఒకసారి పలకరించి రమ్మనండి.

మనకు పెన్షన్‌తో పాటు తీరిక కూడా ఉన్నది. పూటకు రెండు గంటలు మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుంటే తల్లికి నిద్ర దొరుకుతుంది. ఆడపిల్ల పుట్టిందని దెప్పడం, పాలు చాలడం లేదని వేలెత్తి చూపడం, మా కాలంలో ఇట్లా లేదనడం మానుకుందాం. చచ్చిపోవాలనిపిస్తున్నదని ఎవరైనా అంటే కొట్టిపారేయవద్దు. పక్కనే ఉండి డాక్టరు దగ్గరకు తీసుకుపోదాం.

ఈ సభ ముగిసిన తరువాత ఇంటికి వెళ్లి, మీ ఇల్లాలిని కూడా ఒకసారి అడగండి, పిల్లలు పుట్టిన రోజుల్లో ఎలా ఉండేదని. ఆమె చెప్పేదంతా ఓపికగా వినండి.