ఒక్క వాక్యము కొరత

మా అన్నగారి అబ్బాయి కళాశాలలో చరిత్ర చదువుచున్నాడు. అయినను, చేతికి దొరికిన తీగెలతోను మోటార్లతోను ఏదో యొకటి అమర్చుచుండుట అతనికి వినోదము. క్రిందటి వేసవిలో మా డాబాపై నున్న పూలకుండీలకు 12 గంటల కొకసారి తనంతట తానే నీరు పోయు సాధనము నొకదానిని చేసిపెట్టినాడు. అందులో ముఖ్యమైనది అరచేతిలో ఇమిడెడు ఆర్డ్యుయినో ఊనో బోర్డు. కరెంటు పోయినను ఆగకుండునట్లు దానిని ఇన్వర్టరుకు కలిపినాడు. ఏడు వారములు అది ఒక్క పూటయు తప్పక పనిచేసినది. మల్లెలు విరగబూసినవి. ఇంటికి వచ్చినవారి కందరికిని మేము దానిని గర్వముతో చూపుచుంటిమి.

50వ రోజున మేమందరము బంధువుల యింట పెండ్లికి వెళ్లియుంటిమి. తిరిగివచ్చి చూచునప్పటికి నీళ్ల ట్యాంకు ఖాళీ. కుండీలలోని మట్టి కొట్టుకొనివచ్చి మెట్లమీద పేరుకొన్నది. మొక్కల వేళ్లు బయటపడినవి. సాధనము మాత్రము ఏమియు ఎరుగనట్లు మరుసటి పూటకై వేచియున్నది.

తీగెలు సరిగానే యున్నవి, బోర్డు చెడలేదు. రెండు దినములు వెదకిన పిదప అబ్బాయి మా వద్దకు వచ్చి, "బాబాయ్, తప్పు నాదే. కాని నేను చూసి రాసుకున్న కాగితంలో ఒక్క వాక్యం లేదు" అన్నాడు. ఆ ఒక్క వాక్యమును గూర్చియే నేటి మా ప్రసంగము.

మైక్రోకంట్రోలరనగా ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. ఊనో బోర్డు మీది చిప్పులో ప్రోగ్రామునకు 32 కిలోబైట్లు, పని జరుగుచున్నప్పటి లెక్కలకు 2 కిలోబైట్లు మాత్రమే చోటు కలదు. ఇటువంటి బోర్డులు సామాన్యుల చేతికి వచ్చుటలో ఇటలీలోని ఇవ్రియా పట్టణమునకు పెద్ద పాత్ర యున్నది. అచ్చటి డిజైన్ విద్యాసంస్థలో హెర్నాండో బర్రగాన్ అను విద్యార్థి 2003లో 'వైరింగ్' అను సాధనమును రూపొందించెను. 2005లో మాసిమో బాంజీయు, ఆయన సహచరులును అదే త్రోవలో ఆర్డ్యుయినోను వెలువరించిరి. 1002లో ఇటలీకి రాజైన ఆర్డుయిన్ పేరిట ఆ ఊరిలో ఒక పానశాల యుండెను. ఆ పానశాల పేరే బోర్డునకు వచ్చినది. ఇంజనీరింగు చదువనివారిని దృష్టిలో నుంచుకొని చేసిన సాధన మిది.

దీపము వెలిగించుటకు చిప్పులోని ఏ గదిలో ఏ అంకె వ్రాయవలెనో వాడుకొనువాడు ఎరుగనక్కరలేదు. 'డిజిటల్ రైట్' అని పేరు పెట్టి పిలిచిన చాలును, పని జరుగును. ఇట్లు పేరు పెట్టి పిలువదగిన పనిని ఫంక్షన్ అందురు. మన గణిత పుస్తకములలో దీనినే ప్రమేయ మనిరి. లోపలి చిక్కులను దాచుట ప్రమేయమునకు సుగుణము. దాచినదానిలో వాడువానికి అవసరమైనంత మేరకు విప్పి చెప్పుట వివరణ వ్రాయువాని ధర్మము.

ఇప్పుడు మా కుండీల కథకు వత్తము. బోర్డు మేలుకొన్నప్పటినుండి ఎన్ని మిల్లీసెకండ్లు గడచినవో చెప్పు ప్రమేయము పేరు 'మిల్లిస్'. సెకండులో వెయ్యవ వంతు మిల్లీసెకండు. అబ్బాయి చూచి వ్రాసికొన్న కాగితములో అంతవరకే యున్నది. కాని ఆ సంఖ్యను దాచుటకు చిప్పు కేటాయించు చోటు 32 బిట్లు. అందులో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 429,49,67,295. అది దాటగానే లెక్క మరల సున్నకు వచ్చును. ఇది జరుగుటకు పట్టు కాలము 49 దినముల 17 గంటల చిల్లర. ఆర్డ్యుయినోవారి అధికారిక వివరణలో, సుమారు 50 దినములకు ఈ సంఖ్య సున్నకు మరలునని స్పష్టముగనే కలదు. ఎత్తి వ్రాసిన కాగితములో జారిపోయినది ఆ వాక్యమే.

నీరు పోసినపుడెల్ల అబ్బాయి ప్రోగ్రాము ఆనాటి లెక్కకు 12 గంటలు కూడి, "ఈ అంకె దాటగానే మరల పోయుము" అని గుర్తుంచుకొనును. 49 దినముల 12 గంటలవద్ద అట్లు కూడగా, మొత్తము చోటు చాలక పొర్లి మిక్కిలి చిన్న సంఖ్య యైనది. ఇప్పటి లెక్క దానిని ఎప్పుడో దాటియున్నది. కావున పోసిన వెంటనే మరల పోసినది, మరల కూడినది, మరల పోసినది. లెక్క సున్నకు తిరుగువరకు, అనగా దాదాపు 5 గంటలు, ఈ వరద సాగినది. కరెంటు తరచు పోవుచుండు ఇంటిలో, ఇన్వర్టరు లేకున్నచో, బోర్డు ప్రతిసారియు మొదటినుండి లెక్కించును గనుక ఈ దోషము ఏండ్ల తరబడి బయటపడకనే యుండెడిది.

దీనికి చికిత్స మన యిండ్లకు వచ్చు కరెంటు బిల్లువాని లెక్కలో కలదు. నాలుగంకెల మీటరులో క్రిందటి మాసము 9980 యుండి, ఈ మాసము 0015 యున్నచో, అతడు కంగారుపడడు. మీటరు ఒక చుట్టు తిరిగినదని యెరిగి, ఖర్చు 35 యూనిట్లని వ్రాసికొనును. అట్లే, రాబోవు కాలమును కూడి ఉంచుకొనుటకు బదులు, ఇప్పటి లెక్కనుండి క్రిందటి లెక్కను తీసివేసి, ఆ వ్యత్యాసము 12 గంటలైనదా అని చూడవలెను. రెండు లెక్కలను 'అన్‌సైన్డ్ లాంగ్' అను రకపు చోటనే ఉంచినచో చుట్టు తిరిగినను వ్యత్యాసము చెడదు. ఊనోలో సాధారణ 'ఇంట్' 32,767 దాటలేదు. అందుంచినచో 33 సెకండ్లలోనే లెక్క తప్పును.

ఇట్టి వివరణలో ఏమేమి యుండవలెను? ప్రమేయము చేయు పని, దానికి మన మీయవలసినది, అది మనకు తిరిగి యిచ్చునది, ఆ యిచ్చిపుచ్చుకొనుటలకు కొలమానము, వాని హద్దులు, నడచి చూపిన చిన్న ఉదాహరణము, చివరకొక హెచ్చరిక. 'ఎనలాగ్ రీడ్' ఊనోలో 0 నుండి 1023 వరకు అంకె నిచ్చును. అది వోల్టులు కాదని చెప్పవలెను. ఏమియు తగిలింపని పిన్నును చదివినచో అంకె నిలుకడ లేక మారుచుండునని చెప్పవలెను. 'ఎనలాగ్ రైట్' 0 నుండి 255 వరకు అంకె తీసికొనును. కాని ఊనోలో అది నిజముగ వోల్టేజిని తగ్గించదు, మిక్కిలి వేగముగ వెలిగించి ఆర్పుచుండును. పేరే భ్రమ కలిగించుచోట వివరణ మరింత మెలకువతో నుండవలెను.

మేము ఆకాశవాణిలో పనిచేయువారము. మా శ్రోత మధ్యలో ఆపి, "అది మరల చెప్పండి" యని యడుగలేడు. వివరణ చదువువాని స్థితియు అదియే. వ్రాసినవా రెక్కడో యుందురు. బోర్డుముందు అతడొక్కడే కూర్చుండును. అందుచేత తనకు తెలిసినది ఎదుటివానికిని తెలిసియుండునని యనుకొనుట మాకును వారికిని ఒకేవిధమైన దోషము. ప్రమేయముల పేర్లు ఇంగ్లీషులోనే యుండుగాక. వానికి వివరణ తెలుగులో వ్రాసికొనుటకు అడ్డేమియు లేదు.

కుండీలలో క్రొత్త మట్టి పోసితిమి. మల్లె రెండు వారములకు చిగిర్చినది, గులాబి దక్కలేదు. అబ్బాయి సాధనమును సవరించి, దాని పెట్టె మూతకు లోపలివైపున ఒక కాగితము అంటించినాడు. దానిపై తెలుగులో నిట్లున్నది: "ఈ గడియారం 50 రోజులకు సున్నాకు వస్తుంది. కూడవద్దు, తీసివేయండి." రేపు ఆ పెట్టెను విప్పువారెవరో మాకు తెలియదు. ఎవరైనను ఆ కాగితము వారికి చాలును.