రోడ్డు గురించి రాశాను, చెల్లి గురించి రాయలేదు



కథలు రాయడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను పేరున్న రచయితను కాదు. డిగ్రీ రోజుల్లో హాస్టల్లో రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ధర్నాలకూ మీటింగులకూ మధ్య దొరికిన టైములో ఫోన్లో టైపు చేసుకుంటున్నాను. కాబట్టి కథ ఎట్లా రాయాలో మీకు నేర్పే ధైర్యం నాకు లేదు. మన ఇండ్లలో మనిషి పోయినప్పుడు మనం ఏం రాస్తున్నాం, ఏం వదిలేస్తున్నాం, ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

మూడేళ్ల కింద వానాకాలంలో మా చిన్నమ్మ కూతురు చనిపోయింది. నాకంటే రెండేళ్లు చిన్నది. నెలలు నిండిన మనిషి. రాత్రి నొప్పులు మొదలైతే తెల్లవారకముందే డోలీ కట్టారు. మా ఊరి నుంచి అంబులెన్సు ఆగే చోటుకు ఏడు కిలోమీటర్లు. మధ్యలో రెండు వాగులు. రెండో వాగు పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా గట్టు మీద ఆగారు. అక్కడే ప్రాణం పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

ఆ రోజు నేను భద్రాచలంలో ఉన్నాను. కబురు తెలిసిన గంటలో ప్రెస్ నోట్ రాసి పంపాను. సంఘంలో ఆ పని నాదే. వయసు, ఊరు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నాం, మా డిమాండ్లు ఏంటి, అన్నీ రాశాను. పేపర్లలో వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆఫీసర్లు వచ్చి దారి కొలుచుకొని పోయారు.

దినాల నాడు ఆ పేపర్ ముక్క తీసుకెళ్లి చిన్నమ్మకు చూపించాను. ఏదో సాధించినవాడిలాగే చూపించాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపించాను. మొత్తం విన్నాక అడిగింది.

"రోడ్డు గురించి బాగానే రాసినవు కొడుకా. ఇందులో నా బిడ్డ ఏడుంది?"

కోపంతో అడగలేదు. నిజంగానే బిడ్డ కోసం ఆ కాగితంలో వెతికినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నన్ను తప్పుగా అనుకోకండి. ప్రెస్ నోట్లు మానేయమని చెప్పడం లేదు. 1/70 చట్టం గురించి, పెసా గురించి, 2006 అటవీ హక్కుల చట్టం గురించి మనం రాయకపోతే మన తరఫున రాసేవాళ్లు ఎందరు? అర్జీ పెట్టకుండా వాగు మీద వంతెన రాదు. కానీ అర్జీ ఎవరి కోసం రాస్తాం? ఆఫీసర్ కోసం. అందుకని ఆయనకు కావాల్సినవే అందులో ఉంటాయి. ఆయనకు అక్కర్లేనివన్నీ బయటే ఉండిపోతాయి. మా చెల్లి ఎట్లా నవ్వేది, ఎవరితో మాట్లాడడం మానేసింది, పుట్టబోయే బిడ్డకు ఏ పేరు అనుకుంది, ఇవి అర్జీకి పనికిరావు. ఆ తల్లికి కావాల్సినవి అవే.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. మనకు రెండు డోలీలున్నాయి. ఒకటి మనుషుల్ని మోసే డోలీ. అదే పేపర్లలో కనిపిస్తుంది. ఇంకొకటి డోలి వాయించే మన కళాకారుల డోలి. పడిగె విప్పి, డోలి కొట్టి, కోయల గట్టు ఏది, ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది, మూలపురుషులెవరు అని గంటల తరబడి పాడతారు. జాతరలోనూ పాడతారు, చావు దినాల్లోనూ పాడతారు. పోయినవాళ్లను వంశం కథలో కలిపే పని అది. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ పని చేసినవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో వెళ్లిపోయారు. ఆయన తలలో ఎన్ని కథలుండేవో ఒక్కసారి ఆలోచించండి. వాటిలో ఎన్ని మన పిల్లలకు వచ్చు?

మా వైపు పోయినవాళ్ల పేరున రాయి నిలబెట్టే ఆచారం ఉంది. ఆ రాళ్లున్న ఊర్లు ఇప్పుడు పోలవరం ముంపులో పోతున్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు జనం ఎట్లా బతికారో మీలో చాలామంది కళ్లతో చూశారు. ఇల్లు పోతే, పొలం పోతే రాసుకోవడానికి ఫారాలున్నాయి. ఆ రాయి ఎవరిది, ఆ మనిషి ఎట్లాంటిది అని రాసుకునే గడి నాకైతే ఏ ఫారంలోనూ కనపడలేదు. ఆ గడి మనమే గీసుకోవాలి. నాకు తెలిసి కథ అంటే అదే.

ఈ పని చేసిన ఆదివాసులు మనకంటే ముందే ఉన్నారు. కేరళలో మలఅరయ తెగకు చెందిన నారాయణ్ పోస్టాఫీసులో ఉద్యోగం చేసుకుంటూ 'కొచ్చరేత్తి' నవల రాశాడు. 1998లో వచ్చింది. తన జనం బతుకు, తన జనం పోగొట్టుకున్నది తన చేత్తోనే రాశాడు. జార్ఖండ్‌లో సంతాల్ డాక్టర్ హాన్స్‌దా సౌవేంద్ర శేఖర్ 2015లో 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' కథలు తెచ్చాడు. ఆ పేరున్న కథలో పాటలు కట్టి నాట్య బృందం నడిపే ఒక ముసలాయన ఉంటాడు. పవర్ ప్లాంట్ శంకుస్థాపనకు రాష్ట్రపతి వస్తే ఆయన ముందు ఆడాలి. ఆ ప్లాంటు కోసం పోయేది సంతాల్ ఊర్లే. ముసలాయన ఆడనంటాడు. 2017లో ఆ పుస్తకాన్ని అక్కడి ప్రభుత్వం కొన్ని నెలలు నిషేధించింది. రచయితను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. మన దుఃఖం మన నోటితో చెప్తే ఎవరికి ఎంత ఇబ్బందో దీన్నిబట్టి చూడండి. మన తెలుగులో మల్లిపురం జగదీశ్ గారి 'శిలకోల' కథలున్నాయి. చదవనివాళ్లు వెతికి చదవండి.

మళ్లీ మా చెల్లి దగ్గరికి వస్తాను. చిన్నమ్మ మాట విన్నాక ఏడాది పాటు ఏమీ రాయలేకపోయాను. తర్వాత ఒక కథ రాశాను. అందులో వాగు తగ్గింది, డోలీ దాటింది, చెల్లి బతికింది. రాస్తున్నంతసేపూ హాయిగా ఉంది. మరునాడు చదువుకుంటే భరించలేకపోయాను. తీసేశాను. రెండోసారి రాశాను. అందులో ఒక ఆఫీసర్, ఆయన ముందు ఒక యువకుడు నిలబడి రెండు పేజీల స్పీచ్ ఇస్తాడు. ఆ యువకుడు ఎవరో మీకు తెలుసు. అది కథ కాదు, పొడుగాటి ప్రెస్ నోట్.

మూడోసారి ఇప్పపువ్వు ఏరిన ఒక పొద్దున గురించి రాశాను. మేం చిన్నపిల్లలం. ఆమె చెట్టు కింద నేను ఏరానని నా గంప గుంజుకుంది. అంతే కథ. చావు గురించి చివర రెండే వాక్యాలు.

దాన్ని చిన్నమ్మకు చదివాను. తెలుగులో రాసింది కోయలో చెప్పుకుంటూ చదివాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నన్ను మధ్యలోనే ఆపింది. ఆ చెట్టు మనది కాదు, మీ మేనమామది అంది. గంప కాదు, పాత చీర కొంగు అంది. అది గుంజుకోలేదు, నువ్వే కొట్టినవు, నేను నిన్ను తిట్టిన అంది. అట్లా మొదలుపెట్టి పొద్దుగూకేదాకా బిడ్డ గురించి మాట్లాడుతూనే ఉంది. చనిపోయాక ఆమె అంతసేపు మాట్లాడడం నేను అప్పుడే చూశాను. చెప్పినవన్నీ దిద్దుకున్నాను. నేను కొట్టిన సంగతి కూడా రాశాను. నాకు అది నిజంగా గుర్తులేదు. గుర్తులేదా, మరిచిపోవాలని మరిచిపోయానా, చెప్పలేను.

అచ్చు వేయనా అని అడిగితే వద్దంది. పేరు ఎక్కడా పెట్టొద్దంది. అందుకే ఇక్కడ కూడా పేరు చెప్పలేదు. ఈ నాలుగు మాటలు మీకు చెప్పడానికి మాత్రం ఒప్పుకుంది. కథ ఒక నోట్‌బుక్కులో రాసి ఇచ్చాను. ఆమె ట్రంకు పెట్టెలో ఉంది.

రాస్తే బాధ తగ్గుతుందా అని తమ్ముళ్లు అడుగుతుంటారు. నాకు తగ్గలేదు. వాగు చూస్తే ఇప్పటికీ కాళ్లు ఆడవు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రాయడం అలవాటయ్యాక మనసు పాడవుతుంది. పోయినేడాది వేరే ఊర్లో ఒక చావు దగ్గర నిలబడ్డాను. ఒక తండ్రి చెప్పుల్లేకుండా నడవడం చూసి లోపల వాక్యం కట్టుకుంటున్నాను. నామీద నాకే అసహ్యమేసింది. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. చావు ఇంటికి పోయిన రోజు ఏమీ రాయను. ఫోన్ జేబులోంచి తీయను. మోయాలంటే మోస్తాను, గుంత తవ్వాలంటే తవ్వుతాను, కట్టెలు తేవాలంటే తెస్తాను. ప్రెస్ నోట్ రాయాల్సి వస్తే వేరేవాళ్లతో రాయిస్తాను.

మీరు కూడా రాయండి. ముందు అడిగి రాయండి. వద్దంటే ఆపేయండి. ఆ మనిషి మన కష్టాలన్నిటికీ ఉదాహరణలాగా కాకుండా మనిషిలాగా ఉండాలి. కోపిష్టి అయితే కోపిష్టి అనే రాయండి. తాగుబోతు అయితే అదీ రాయండి. కోయలో వస్తే కోయలోనే తెలుగు అక్షరాలతో రాయండి, గోండిలో వస్తే గోండిలో రాయండి. రాసినాక ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు తప్పులు పడతారు. పట్టనివ్వండి.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ ఊర్లో ఈ మధ్య పోయిన ఒక్కరి గురించి వాళ్ల అమ్మనో, నాన్ననో, అక్కనో అడగండి. ఎట్లా పోయారని అడగొద్దు. అది ఇప్పటికే అందరూ అడిగారు. ఎట్లా ఉండేవాళ్లని అడగండి.

మా ఊరికి రోడ్డు ఇంకా పూర్తి కాలేదు. మొదటి వాగు దాకా కంకర పోశారు. రెండో వాగు అట్లాగే ఉంది. దాని గురించి వచ్చే సోమవారం మళ్లీ అర్జీ ఇస్తున్నాం. వీలైనవాళ్లు రండి.

జై ఆదివాసీ. జోహార్.